ఇసుకే హద్దు: అన్నాచెల్లెళ్ల గట్టు చెప్పే పాఠం



మనం రోజూ తాగే నీరు, మన చేలు తడిపే నీరు చివరికి ఎక్కడికి చేరుతుందో మనలో చాలామంది చూసి ఉండరు. తణుకు నుంచి పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్లి, రేవులో పంటు ఎక్కి వశిష్ఠ పాయ దాటితే సఖినేటిపల్లి వస్తుంది. అక్కడి నుంచి కాస్త దూరంలోనే అంతర్వేది. నది సముద్రంలో కలిసే ఆ చోట నీళ్లలోకి చాలా దూరం ఇసుక మేట వేసి గట్టులా ఉంటుంది. దాన్నే అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. గట్టుకు ఒక పక్క నీరు తేటగా ఉంటుంది, రెండో పక్క మట్టిగా ఉంటుంది.

ఆ ఊరి చుట్టూ కథలు చాలా ఉన్నాయి. గోదావరి ఏడు పాయలను ఏడుగురు ఋషులు తెచ్చారనీ, ఈ పాయను వశిష్ఠుడు తెచ్చాడనీ స్థలపురాణం చెబుతుంది. రక్తవిలోచనుడనే రాక్షసుడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టేలా వరం పొందాడనీ, ఆ రక్తం పారిన చోటే రక్తకుల్య అయిందనీ అక్కడివారు చెప్పుకుంటారు.

మన యౌవనస్థులు కొందరు ఇలాంటివి విని, "ఇవన్నీ మనకెందుకు పాస్టరుగారూ?" అని అడుగుతుంటారు. మనం నమ్మేది వేరు, నిజమే. కానీ పక్కింటివారు తరతరాలుగా చెప్పుకున్న మాటను నవ్వి కొట్టిపారేయడం ప్రేమ కాదు. మన తణుకు పేరే తారకాసురుడి నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పేరున్న ఊళ్లోనే మనం ఇళ్లు కట్టుకున్నాం, పిల్లల్ని పెంచుకున్నాం. ఆ గట్టుకు పెట్టిన పేరు కూడా చూడండి. రంగు వేరు, రుచి వేరు అయిన రెండు నీళ్ల మధ్య హద్దును చూసి మన పూర్వికులు దానికి "పగవాళ్ల గట్టు" అని పేరు పెట్టలేదు, అన్నాచెల్లెళ్లన్నారు. మధ్యలో గట్టు ఉన్నా బంధుత్వం పోదని వాళ్లకు తెలుసు. వేర్వేరు విశ్వాసాలవాళ్లం ఒకే వీధిలో బ్రతికే మనకు ఈ పేరు చాలా అవసరం.

ఇక గట్టు ఎలా ఏర్పడిందో చూద్దాం. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారి పొడుగునా మట్టిని, ఇసుకను మోసుకొస్తుంది. సముద్రం దగ్గరకు వచ్చేసరికి ప్రవాహం వేగం తగ్గి మోసినదంతా దింపేస్తుంది. అలలు దాన్ని అటూ ఇటూ జరుపుతాయి. అలా పేరుకున్నదే ఆ గట్టు. మన డెల్టా నేల కూడా అలా వచ్చినదే.

ఈ నదీముఖం దగ్గర చరిత్ర కూడా చాలానే నడిచింది. 17వ శతాబ్దంలో డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో వర్తకం చేశారు. అక్కడి బట్టకు ఆ ఊరి పేరు మీదే "మడపొల్లం" అని విదేశాల్లో పేరు వచ్చింది. నరసాపురంలో ఓడలు కట్టేవారు. ఇప్పుడు ఆ ఓడలు లేవు, ఆ కొట్లూ లేవు.

1836లో మరో రకం మనుషులు మన దేశానికి వచ్చారు. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అనే దంతవైద్యుడు ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరిని భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చాడు. ఒకరు రాతిపనివారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. జీతం ఇచ్చే సంస్థ ఏదీ వారి వెనుక లేదు. తెలుగు నేర్చుకుని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త చెప్పారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. అప్పటికి ఆనకట్ట లేదు. ఒక ఏడు కరువు, మరో ఏడు వరద. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

యిర్మీయా 5వ అధ్యాయంలో, సముద్రం దాటకుండా దేవుడు దానికి ఇసుకను హద్దుగా పెట్టాడని ఉంది. కొండను కాదు, ఇనుప గోడను కాదు, ఇసుకను! ఊదితే ఎగిరిపోయే రేణువులు కలిసి సముద్రాన్ని ఆపుతున్నాయి. రాళ్లు చెక్కేవాడు, చెప్పులు కుట్టేవాడు లోకం దృష్టికి ఇసుక రేణువులే. దేవుడు అలాంటివారినే గట్టుగా నిలబెట్టాడు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది ప్రియులారా. ఎగువన డ్యాములు పెరిగాక గోదావరి తెచ్చే మట్టి బాగా తగ్గిపోయింది. అందుకే మన తీరంలో చాలాచోట్ల సముద్రం లోపలికి వస్తోంది. అంతర్వేది పల్లిపాలెం మత్స్యకారులను అడిగితే ఎక్కడిదాకా నేల ఉండేదో చేయి చాపి చూపిస్తారు. గట్టు ఒకసారి ఏర్పడితే చాలదు. నది తెస్తూ ఉంటేనే అది నిలుస్తుంది.

సంఘమూ అంతే. తాతలు చేసిన ప్రార్థనల మీద, వారు మోసిన కష్టం మీద మనం నిలబడి ఉన్నాం. మరి మనం ఏమి తెస్తున్నాం? ఆదివారం కుర్చీలో కూర్చుని వెళ్లిపోతే, పిల్లలకు వాక్యం నేర్పేవారు లేకపోతే, పొరుగువాడి కష్టానికి వెళ్లేవారు లేకపోతే, గట్టు కొంచెం కొంచెంగా కోసుకుపోతుంది. ఒక్కరోజులో తెలియదు. తెలిసేసరికి నేల ఉండదు.

ఈ వారం ప్రతి కుటుంబం ఒక్క రేణువు తెద్దాం. వీధిలో మాట్లాడటం మానేసిన ఒక ఇంటికి వెళ్లి పలకరిద్దాం. వాళ్లది ఏ మతమైనా సరే. అన్నాచెల్లెళ్ల మధ్య గట్టు ఉండవచ్చు గానీ మాట ఆగిపోకూడదు.

అంతర్వేది వెళ్లేవారు పోటు, పాటు వేళలు మత్స్యకారులను అడగకుండా గట్టు మీదికి దిగకండి. పిల్లల చేయి వదలకండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.