డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్: దేశీయ రూపం దాల్చిన ఆంగ్లికన్ ఆలయం

తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో ఉన్న ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన ఘట్టాన్ని స్మరించే ఎపిఫనీ పండుగ రోజది. అప్పట్లో డోర్నకల్ నిజాం రాజ్యంలోని ఒక గ్రామం. బ్రిటన్‌లో పుట్టిన ఆంగ్లికన్ సంప్రదాయం ఇక్కడ దేశీయ శిల్పరూపం పొందడమే ఈ కట్టడం విశిష్టత.

తొలి భారతీయ బిషప్

ఈ నిర్మాణానికి మూలపురుషుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించారు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, గ్రామాల్లో సేవ చేశారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడాలని కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

గోపురమూ గుమ్మటమూ

నిజాం రాజ్యంలోనే, 1924లో వెస్లియన్ మెథడిస్టులు ప్రతిష్ఠించిన మెదక్ కెథెడ్రల్ యూరప్ గోథిక్ శైలిలో, రంగుటద్దాల కిటికీలతో, ఎత్తయిన గోపురంతో నిలిచింది. అజరయ్య ఆ బాట పట్టలేదు. డోర్నకల్ కట్టడంలో ఇస్లామీయ శైలి గుమ్మటాలు, మినార్లను తలపించే బురుజులు, దక్షిణాది ఆలయ మంటపాలను గుర్తుచేసే రాతి స్తంభాలు కలగలిశాయి. శిల్పాల్లో సిలువతో పాటు తామరపువ్వూ చోటుచేసుకుంది. క్రైస్తవుడు కావడానికి భారతీయతను వదులుకోనక్కర లేదన్న ఆయన విశ్వాసం ఈ రాళ్లలో కనిపిస్తుంది.

ఎవరి కోసం కట్టారు

డోర్నకల్ అధ్యక్ష మండలంలోని విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన పేద గ్రామీణులు. ఊరి గుడిలోకి వారికి ప్రవేశం లేని కాలమది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టరక్షణ లభించినదీ 1939లోనే. మధుర మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించినది ఆ ఏడాది జూలై 8న. అంతకు ఆరు నెలల ముందే, మంటపాన్ని పోలిన స్తంభాల నడుమ నిలబడి ప్రార్థించే హక్కు డోర్నకల్‌లో వారికి దక్కింది. ఈ కట్టడపు వారసత్వ విలువను శిల్పంతో పాటు ఈ చరిత్రతోనూ కొలవవలసి ఉంటుంది.

పరిరక్షణ

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడగా, డోర్నకల్, మెదక్ రెండూ అందులో భాగమయ్యాయి. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడంగా పరిగణించాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. ప్రతిష్ఠా సంవత్సరం నుంచి లెక్కిస్తే ఈ ఆలయానికి ఆ అర్హత 2039లో వస్తుంది. నేటికీ ఆరాధన జరిగే ఈ కట్టడంలో చేపట్టే ప్రతి మరమ్మతూ స్తంభాలు, శిల్పాల మూలరూపాన్ని చెక్కుచెదరనీయకుండా సాగడం అవసరం.