పటాన్‌చెరు సూది

గర్భనిరోధక హార్మోన్ల చరిత్ర అనగానే అందరూ 1956 నాటి ప్యూర్టోరికో దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం పటాన్‌చెరు గుర్తొస్తుంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని ఆడవాళ్ల మీద ట్రయల్‌గా మొదలుపెట్టారు. రెండు నెలలకో సూది. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని, నెలసరి గాడి తప్పొచ్చని, ఒక్కోసారి ఆగిపోవచ్చని వాళ్లకి చెప్పలేదు. (మాత్రయితే నచ్చకపోతే రేపే మానేయొచ్చు. ఒంట్లోకి ఎక్కిన సూదిని ఎలా తీస్తాం?) హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన వాళ్లు అక్కడికెళ్లి నిలదీశారు. 1986లో ఢిల్లీ ‘సహేలి’ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. మన మహిళా ఉద్యమం గురించి చెప్పుకునేటప్పుడు ఈ కేసుని ఎందుకో ఒక్క వాక్యంలో దాటేస్తాం. 2017లో ‘అంతర’ పేరుతో మూడు నెలల సూది సర్కారీ దవాఖానాల్లోకి వచ్చింది. మందు వేరే. నెలసరితో పేచీ మాత్రం దాదాపు అదే.