కోనసముద్రం కమ్మరులపై ఒక నింద

కమ్మరులు విద్యను కొడుకులకు తప్ప మరెవరికీ చెప్పలేదనీ, అందుకే కోనసముద్రం ఉక్కు అంతరించిందనీ అనేవారున్నారు. ఈ నింద అన్యాయం. బెంజమిన్ హంట్స్‌మన్ బతుకు చూస్తే చాలు. 1704లో పుట్టిన ఈ ఆంగ్లేయుడు క్వేకర్, గడియారాలు చేసేవాడు. స్ప్రింగులకు దొరికే ఉక్కు అంతటా ఒకేలా ఉండకపోవడంతో విసిగి, 1740లలో షెఫీల్డ్ దగ్గర దాన్ని మట్టి మూసలో పూర్తిగా కరిగించే పద్ధతి సాధించాడు. పేటెంటు తీసుకోలేదు, గుట్టు బయటపెట్టలేదు. షెఫీల్డ్ కత్తుల తయారీదారులు ఆ ఉక్కు మరీ గట్టిదని మొదట ముట్టుకోలేదు. ఫ్రెంచివాళ్లు కొని, దానితో చేసిన కత్తులను పోటీకి దింపాకే దారికొచ్చారు. అంత గుట్టుగా ఉన్నా అతని పని పెరిగింది, ఊరు పెరిగింది. మరి అదే గుట్టు మన కమ్మరులను ఎలా ముంచుతుంది?

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూస ఉక్కు అంతకు చాలా ముందునుంచే ఉంది. 1820ల ప్రాంతంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సే చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి కరిగించడం, ముద్దలను మళ్లీ కాల్చి అదుపులోకి తేవడం, ఇరాన్ వర్తకుడు అక్కడికే వచ్చి సరుకు పరీక్షించి కొనడం అందులో ఉన్నాయి. చేతిలో విద్య ఉంది, లేనివి ఇంధనం, గిరాకీ. హంట్స్‌మన్ కొలిమికి పక్కనే రాతిబొగ్గు, దాని కోకు. కోనసముద్రానికి అడవి బొగ్గే దిక్కు. సింగరేణి బొగ్గు 1871లో గానీ బయటపడలేదు. గిరాకీ సంగతి ఇంకా బాధాకరం. 1799లో దక్షిణాన తిరునెల్వేలి సీమలో పాంచాలంకురిచ్చితోపాటు మా నాగలాపురం పాలెం కూడా ఈస్టిండియా కంపెనీ జప్తులోకి పోయింది, 1801లో పాలెగాళ్ల సీమలో ఆయుధాలు నిషేధించారు. మా పాలెగాళ్ల కత్తులు కోనసముద్రం ఉక్కువని చెప్పబోవడం లేదు. కత్తి పట్టే కొలువులే ఎత్తిపోతే మేలైన ఉక్కుకు ఇంటి దగ్గర బేరం ఎక్కడిది?

పెట్టుబడీ యూరప్ పద్ధతులూ ఉంటే నిలిచేదే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ పరీక్షా జరిగింది. 1830లో జోసయ్య మార్షల్ హీత్ అనే ఆంగ్లేయుడు కంపెనీ అప్పులతో తమిళ తీరంలోని పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టాడు. అదీ అడవి బొగ్గు మీదే నడిచి నష్టాల్లో కూరుకుపోయింది. ఇంగ్లండు తిరిగి వెళ్లిన హీత్ ఉక్కులో మాంగనీసు వాడే పద్ధతికి 1839లో పేటెంటు పొందాడు. తన పద్ధతిని లోకం ముందు పెట్టిన ఆ మనిషి, దాన్ని వాడుకున్న షెఫీల్డ్ వారితో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి, చివరికి పేదగానే పోయాడు.