డాబా గార్డెన్స్‌లో గ్రహాల లెక్క

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ అంటే ఇవాళ గుర్తొచ్చేవి దుకాణాలూ ట్రాఫిక్కూ. 1840లో అక్కడ ఒక జమీందారు సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన పేరు గోడె వెంకట జగ్గారావు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడేళ్లు. ఈస్టిండియా కంపెనీ కొలువు లేదు, పైనుంచి ఎవరి ఉత్తర్వూ లేదు, దానివల్ల వచ్చే రాబడీ లేదు. ఆకాశాన్ని లెక్కగా చూడాలన్న కోరిక ఒక్కటే ఉంది.

ఆ రోజుల్లో జమీందార్ల కాలక్షేపాలు ఎలా ఉండేవో మనకు తెలుసు. వేట, కుస్తీలు, కోడిపందేలు, మేళాలు, కొంచెం సాహిత్యాభిలాష ఉంటే పండిత సభలు. డబ్బుకూ తీరికకూ లోటు లేని ఇళ్లలో ఇవన్నీ సహజంగా సాగిపోయేవి. రాత్రిళ్లు మేలుకుని, నక్షత్రం ఏ క్షణాన ఏ రేఖ దాటిందో చీటీ మీద రాసుకునే జమీందారు మాత్రం అరుదు. జగ్గారావు గారు ఆ అరుదైన మనిషి. ఆయన గురించి తెలుగువాళ్లకు తెలిసింది చాలా తక్కువ. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

ఆయన ఈ విద్యను సరదాగా పుస్తకాలు తిరగేసి పట్టుకోలేదు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకున్నారు. టేలర్ 1830లో ఇంగ్లండు నుంచి వచ్చి, దక్షిణాది ఆకాశంలోని సుమారు పదకొండు వేల నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టిక అచ్చువేసిన ఖగోళవేత్త. ఇంకో సంగతి. ఆ మద్రాసు వేధశాల కూడా మొదట ఒక మనిషి వ్యాపకమే. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి ఎగ్మూరులోని తన ఇంట్లో సొంత పరికరాలతో మొదలుపెట్టింది, కొన్నేళ్లకు కంపెనీ చేతికి వచ్చి, 1792 నాటికి నుంగంబాకంలో పక్కా కట్టడంగా నిలబడింది. కాబట్టి గురువుగారు పనిచేసిన చోటే ఇష్టంతో పుట్టిన చోటు. శిష్యుడు అదే పని విశాఖలో చేశారు.

ఆ రోజుల్లో వేధశాల ఎందుకు పనికొచ్చేదో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. జేబులో ఫోను తీసి చూస్తే సరైన సమయం తెలిసిపోతున్న రోజులివి. 1840లలో సరైన సమయం తెలియాలంటే ఎవరో ఒకరు ఆకాశాన్ని చూసి చెప్పాలి. ఉత్తర దక్షిణాలుగా మాత్రమే తిరిగే ఒక టెలిస్కోపును గట్టి రాతి స్తంభాల మధ్య బిగిస్తారు. దాని కంటి కటకంలో సన్నని దారాలు నిలువుగా కట్టి ఉంటాయి. స్థానం ముందే తెలిసిన నక్షత్రం ఒక్కో దారాన్నీ దాటుతుంటే, కన్ను దాని మీద ఉంచి, చెవి పక్కనున్న గడియారం టిక్కుల మీద ఉంచి, సెకనులో పదోవంతు దాకా అంచనా కట్టి రాసుకోవాలి. పట్టికలో ఉన్న సమయానికీ గడియారం చూపిన సమయానికీ ఉన్న తేడాయే గడియారం తప్పు. ఒక రాత్రి చూస్తే చాలదు. గడియారం రోజుకు ఎంత వెనకబడుతోందో, ఎంత ముందుకు పోతోందో తెలియాలంటే మబ్బులేని ప్రతి రాత్రీ చూడాలి. ఈ పనిలో వినోదం ఎక్కడుందని అడిగేవాళ్లుంటారు. వినోదమంతా ఆ పట్టుదలలోనే ఉందని నా నమ్మకం.

ఈ లెక్క సముద్రం మీద ప్రాణాలకు సంబంధించినది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఓడ తూర్పు పడమరల్లో తానెక్కడుందో సమయాన్ని బట్టే లెక్కగడుతుంది కాబట్టి, ఓడలోని క్రోనోమీటరు నాలుగు సెకన్లు తప్పితే, విశాఖ ఉన్న అక్షాంశం దగ్గర ఓడ తాను ఉన్నాననుకున్న చోటికి సుమారు 1.75 కిలోమీటర్లు తూర్పుకో పడమటికో జరిగి ఉంటుంది. చీకట్లో, తీరం దగ్గర, ఆ తేడా చాలు. విశాఖలో అప్పటికి ఇప్పటి ఓడరేవు లేదు. అది 1933లో తెరుచుకుంది. ఓడలు బయట సముద్రంలోనే లంగరు దించేవి. జగ్గారావు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య నాటించి, జెండా సంకేతంతో నావికులకు సమయం తెలిపే ఏర్పాటు చేశారు. తన తోటలోని వ్యాపకాన్ని ఊరికీ ఓడలకూ ఉపయోగపడేలా చేయడం ఆయన చేసిన గొప్ప పని అని నేననుకుంటాను.

దేశమంతటికీ ఒకే సమయం అప్పటికి లేదు. అది 1906 జనవరి 1న వచ్చింది. అంతకుముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. మద్రాసులో మిట్టమధ్యాహ్నం పన్నెండయ్యేసరికి విశాఖలో పన్నెండు దాటి మరో పన్నెండు నిమిషాలయ్యేది. ఇప్పటి మన గడియారాలతో పోల్చినా విశాఖ సొంత సమయం మూడు నిమిషాలు ముందే ఉంటుంది.

జగ్గారావు 1856లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయారు. సాధారణంగా ఇలాంటి వ్యాపకాలు మనిషితోనే ముగుస్తాయి. పరికరాలు తుప్పు పడతాయి, వారసులు భవనాన్ని మరో పనికి వాడుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను ఎత్తుకున్నారు. ప్రభుత్వ కొలువును కూడా వదులుకున్నారు. మామగారి ఆస్తి అల్లుడికి రావడం మనకు కొత్త కాదు. మామగారి రాత్రి జాగరణలు కూడా అల్లుడు స్వీకరించడం మాత్రం మరోచోట విన్నది కాదు.

నరసింగరావు కాలం ఆకాశం చూసేవాళ్లకు పండగ కాలం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరులో దిగారు. బ్రిటిష్ బృందం ఒకటి కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరికరాలు నిలబెట్టారు. గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా ఉంది. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటంలో చూసిన జాన్సెన్, గ్రహణం లేని రోజున కూడా వాటిని చూడవచ్చని మరునాడే తేల్చారు. ఆ వర్ణపటంలో కనిపించిన పసుపు గీత వెనకాల ఉన్న మూలకమే ఆ తర్వాత హీలియం అయింది. భూమి మీద దాన్ని వేరుచేసి చూపింది 1895లో. గుంటూరు పేరు ప్రపంచ విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఉన్నది దీనివల్లే. గుంటూరు పిల్లలకు ఈ సంగతి బడిలో చెప్పాలి.

విశాఖలో నరసింగరావు కూడా ఆ గ్రహణాన్ని గమనించారు. అదే ఏడాది నవంబరు 5న బుధగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూశారు. ఆయన పరిశీలనలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1870లలో ఆ సొసైటీ ఆయనను ఫెలోగా చేర్చుకుంది. 1874లో ఇంగ్లండులోని యార్క్ నగరం కుక్ సంస్థ తయారుచేసిన ఆరంగుళాల టెలిస్కోపు డాబా గార్డెన్స్‌కు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 9న శుక్రుడి అంతర్యానం, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం. అంతకుముందు అది జరిగింది 1769లో. నూట ఐదేళ్లకు గానీ రాని ఆ ఘడియ కోసం ఐరోపా దేశాలూ అమెరికా ఓడల నిండా పరికరాలు వేసి భూగోళం నలుమూలలకూ బృందాలను పంపాయి. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం కచ్చితంగా తేల్చడం అప్పటి పెద్ద ప్రశ్న. వేర్వేరు చోట్ల నుంచి శుక్రుడు సూర్యబింబంలో అడుగుపెట్టిన క్షణాన్నీ, విడిచిన క్షణాన్నీ పోల్చి చూస్తే ఆ దూరం లెక్కకు వస్తుంది. రఘునాథాచారి ఆ అంతర్యానం గురించి జనానికి వివరిస్తూ దేశభాషల్లో చిన్న పుస్తకాలు వేశారు. విశాఖలో నరసింగరావు తన ఇంటి వేధశాల నుంచి దాన్ని గమనించి నమోదు చేశారు.

గ్రహణాలూ అంతర్యానాలూ ఎప్పుడో గానీ రావు. మిగతా రోజుల్లో ఏం చేశారు? వాతావరణం కొలిచారు. గాలి పీడనం, ఉష్ణోగ్రత, వాన. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని తుడిచిపెట్టిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేల మంది పోయారు. 1876 అక్టోబరులో విశాఖకే తుపాను వచ్చింది. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అలాంటి తీరంలో ఒక ఇంటివాళ్లు ఏళ్ల తరబడి బారోమీటరు అంకెలు రాసి ఉంచడం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ మెచ్చుకోని ఈ రోజువారీ రాతే నాకు గ్రహణాల కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అరుదైన దృశ్యం చూడ్డానికి ఎవరైనా మేలుకుంటారు. మామూలు రోజున కూడా పుస్తకం తెరిచి అంకె వేసినవాడే నిజమైన అభిరుచి గలవాడు.

నరసింగరావు 1892లో కన్నుమూశారు. ఆయన భార్య అచ్చయ్యమ్మ 1894లో వేధశాలను ప్రభుత్వానికి అప్పగించారు. ఆ కుటుంబం ఇచ్చిన విరాళంతోనే విశాఖలోని హిందూ కాలేజీ మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీగా మారింది. ఆ మూడక్షరాలు అంకితం వెంకట నరసింగరావువే. ఆ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చిన చంద్రశేఖర అయ్యర్ కొడుకు సి.వి. రామన్ అక్కడే చదువుకున్నారు. ఇప్పటికీ ఆ కాలేజీ ముందు నుంచి వెళ్లేవాళ్లలో ఆ పేరు ఒక ఖగోళ పరిశీలకుడిదని ఎందరికి తెలుసు?

ఇదే ముచ్చట మరో ఊళ్లో, మరో తరంలో మళ్లీ జరిగింది. ఇంగ్లండులో చదువుకున్న హైదరాబాదు ప్రముఖుడు నవాబ్ జఫర్ జంగ్ 1901లో డబ్లిన్ గ్రబ్ సంస్థ నుంచి పదిహేనంగుళాల టెలిస్కోపు తెప్పించారు. ఫిసల్‌బండలో దాన్ని నిలబెట్టి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో నిజామియా వేధశాల అని పేరు పెట్టారు. నక్షత్రాలను ఫొటో తీసే ఎనిమిదంగుళాల కుక్ పరికరం కూడా కొన్నారు. 1907లో ఆయన పోయారు. ఏడాదికే నిజాం ప్రభుత్వం వేధశాలను తీసుకుని, తర్వాత బేగంపేటకు మార్చింది.

అప్పుడు ప్యారిస్ నుంచి మొదలైన ఒక మహా యత్నం నడుస్తోంది. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలు ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలవాలి. చిలీలోని సాంటియాగో చేయలేక వదిలేసిన దక్షిణ పట్టీ హైదరాబాదు చేతికొచ్చింది. ముందు చాట్‌వుడ్, తర్వాత పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ సారథ్యంలో ఆ పని సాగింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. పన్నెండు సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో ఉన్నవి ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. నవాబు ఇష్టపడి కొన్న పరికరంతో ఆయన పోయాక జరిగిన పని అది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు చిన్నప్పటి నుంచీ ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వైను బప్పు. స్వతంత్ర భారత ఖగోళశాస్త్రాన్ని నిలబెట్టిన మనిషి. తమిళనాడులోని కావలూరులో పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. హైదరాబాదు దగ్గర జపాల్ రంగాపూర్‌లో ఉస్మానియా 1968లో నలభై ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణాన్ని అక్కడినుంచి చూశారు.

బేగంపేటలోని ఆ పాత ఆవరణను ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పిలుస్తారు. అక్కడ ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. రెండు రాష్ట్రాల వారసత్వ శాఖలూ, రెండు ఊళ్ల నగర పాలక సంస్థలూ ఈ స్థలాల కథను జనానికి కనబడేలా చేయాలి. డాబా గార్డెన్స్‌లో ఒక రాతి ఫలకానికి, బేగంపేటలో పాత గోపురం మరమ్మతుకు పెట్టే ఖర్చు ఏ పండగ అలంకరణ కంటే ఎక్కువ కాదు.

పాఠకులకు ఒక మాట. 1868లో నరసింగరావు గారు చూసిన బుధ అంతర్యానం లాంటిది 2032 నవంబరు 13, శనివారం నాడు జరుగుతుంది. మన దగ్గర మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా, మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. బుధుడి చుక్క వట్టి కంటికి అందదు. సూర్యుణ్ని నేరుగా చూస్తే చూపు పోతుంది. చిన్న టెలిస్కోపు ముందు భాగాన సరైన సౌర ఫిల్టరు బిగించి చూడాలి. గడియారం పక్కన పెట్టుకోండి, బుధుడు బింబంలో అడుగుపెట్టిన క్షణాన్ని కాగితం మీద రాసుకోండి.