సూటేసుకున్న పలక

పరై కొట్టే కులం పేరు తెల్లోడి చెవినపడి 'పరయా' అయింది. వెలిపడినవాడని దానర్థం. అట్టా అరవదేశపు డప్పు ఒకటి ఇంగ్లీషు నిఘంటువులోకి తిట్టుగా ఎక్కింది. ఆ డప్పుని మా నాయుడుపేట పక్క పలక అంటాం. బళ్లో పిల్లలు దిద్దేదీ పలకే. మా వంశంలో ఈ రెండో పలక పట్టిన మొదటివాణ్ణి నేను. (2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా యాస నెల్లూరిదే.)

మదరాసు మాకు పరాయి ఊరు కాదు. 1953 దాకా మా రాజధాని అదే. ఆ మహానగరం వీధులూడ్చిన చేతుల్లో, మురుక్కాలవలు తోడిన చేతుల్లో తెలుగు మాట్లాడే మనోళ్ల చేతులెన్నో. వాళ్ల చెమట గురించి ఏ ఆంధ్రుల చరిత్రలోనూ నాకు ఒక పేజీ దొరకలా.

2018 జనవరి 6, శనివారం. ఒక పూట సీఎల్ పెట్టి రైలెక్కా. సూళ్లూరుపేటలో లోకల్ బండి మారా. కీల్పాక్‌లో సీఎస్ఐ బెయిన్ స్కూలు మైదానం. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి కూర్చిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' మొదటి కచేరీ. కులంలేని తమిళులం అని నూరేళ్లకు ముందే చాటిన అయోతి దాసు పండితుడి (1845–1914) ఆలోచన నించి వచ్చిందా పేరు. వేలమంది జనం.

ఆ దళంలో పంతొమ్మిదిమంది. సూట్లేసుకున్నారు. సూటంటే మనకెవరు గుర్తొస్తారో మీకు వేరే చెప్పక్కర్లా. గిటార్ల పక్కన పరై. ఉత్తర మదరాసు పేటల్లో చావిళ్ల కాడ పెరిగిన గానా పాట. దాన్నందుకుని ర్యాప్. గానాలో ఆడపిల్లకి చోటేదన్న లోకానికి జవాబుగా ఇసైవాణి. రిజర్వేషన్ల మీద పాట, పెద్దకూర మీద పాట, బాబాసాహెబ్ మీద పాట. అరక్కోణం పిల్లోడు అరివు మైకందుకుంటే, మా అవ్వ శాపనార్థాలు పెట్టేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోదే, అట్టుంది. నాకొచ్చిన అరవం సగమే. అయినా ఒక్క మాటా జారిపోలా.

నా తెలుగు విని పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"ఏ ఊరు నాయనా?"

"నాయుడుపేట మామా."

"మాది కోట కాడ పల్లె. మా తాత కాలానే ఈడికొచ్చేశాం. మా నాయన పోయినప్పుడు గూడా ఇంత బాగా కొట్టలేదబ్బా!"

హిప్ హాప్ 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో, నల్లవాళ్ల పేటలో పుట్టిందని చెప్తారు. దానికి ఏడాది ముందే బొంబాయిలో మనోళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. పాటకి పాటతో ఎదురుతిరగడం మాత్రం మనం ఎవర్నించీ తెచ్చుకోలా. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ల పాడితే, మరి నల్లదొరతనం సంగతేమిటని కుసుమ ధర్మన్న పాటతోనే నిలదీశాడు. స్వాతంత్ర్యోద్యమ పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తా. మా పాఠ్యపుస్తకం ఒకటే చెప్పింది.

తెల్లారి ఇంటికొచ్చి నాయనకి చెప్పా. ఆయన ఇరవై ఏళ్లు పలక కొట్టినోడు. అది కళ కాదు, ఎట్టి. ఆసామి ఇంట్లో పీనుగ లేస్తే అర్ధరాత్రయినా పిలుపొచ్చేది. కూలి చేటెడు వడ్లు. జాతరలో పలక మాది, గుడి వాళ్లది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఇంక కొట్టనన్నాడు. ఆ ఏడు మాకు ఊళ్లో కోతపని దొరకలా. అమ్మ నాట్లకి పరాయి ఊళ్లకి పోయొచ్చింది. కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తుటితో రాశారు కాబట్టి లోకానికి తెలిశాయి. ఇట్టా ఒక్కొక్కడూ పలక దించిన చరిత్ర ఏ వాడకావాడలోనే అణిగిపోయింది.

నాయన అంతా విని ఒకటే అడిగాడు: "పిలిస్తే పోయి కొట్టారా, వాళ్లంతట వాళ్లే కొట్టుకున్నారా?"

ఆ ప్రశ్న నాకు 2021లో మళ్లీ ఎదురైంది. ఆ మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి'లో అరివు తన అవ్వ బతుకు పాడాడు. సింహళంలో తేయాకు తోటల్లో పనిచేసిన అవ్వ. 1964 సిరిమావో–శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని భారతదేశం లెక్కలో వేసింది. తోటలు పెంచినోళ్లకి జానెడు నేల లేకుండా పోయింది. పాట ప్రపంచమంతా తిరిగింది. ఆ ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద అరివు లేడు. రంజిత్ బహిరంగంగా అడిగాడు. 2022 జూలైలో మదరాసు చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట మోగింది, వేదిక మీద అరివు లేడు. అది అందరం కలిసి చేసిన పాటేనని తక్కినవాళ్లు అన్నారు. అయి ఉండొచ్చు. కానీ పంటలో పాలొచ్చేటప్పుడు ఎవరి పేరు ముందు రాలిపోతుందో వాడలో పుట్టినోడికి ఎవరూ నేర్పక్కర్లా.

మొన్న మా బడి వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పలక కొడతానంది. చావు వాయిద్యం బళ్లో ఏందని ఒక పెద్ద పంతులుగారు మొహం చిట్లించాడు. అరివు పాట నేను సెల్‌లో పెట్టి వినిపిస్తే, ఆయన కాలు తాళమేసింది. నేర్పేవాళ్లు కావాలని నాయన్ని అడిగా.

"నేర్పుతా" అన్నాడు నాయన. "చావుకి పిలిస్తే పంపనని ముందు వాళ్లమ్మ కాడ మాట తీసుకో."