పని నేర్పే ఖర్చు ఎవరిది?

హైదరాబాద్‌లో సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీల కాలంలో పని నేర్పే బాధ్యత చాలావరకు యాజమాన్యానిదే. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ ఇస్తూ కార్ఖానాలో పని నేర్పాలి. శిక్షణ కోసం 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ వచ్చాక లెక్క తిరగబడింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల ఇరుకు గదుల్లో కోబాల్, ఆ తర్వాత జావా, ఒరాకిల్ నేర్చుకున్న పిల్లల ఫీజులూ హాస్టల్ అద్దెలూ కన్నవాళ్లే కట్టారు.

అమీర్‌పేట అంటే దొంగ అనుభవ పత్రాలేనని కొందరంటారు. ఆ మోసం జరిగింది, దాన్ని సమర్థించలేం. కానీ తొలి కొలువుకే అనుభవం అడిగితే కొత్తవాడు ఎక్కడినుంచి తెస్తాడు? కాలేజీ నేర్పక, కంపెనీ నేర్పక వదిలేసిన పనినే ఆ ఇరుకు గదులు భుజానికెత్తుకున్నాయి. స్టైపెండ్ ఇచ్చి నేర్పే బాధ్యతను సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇకనైనా తీసుకోవాలి.