బొమ్మ చూపించాల్సింది బిడ్డే

పిల్లల వార్డుల్లో పనిచేసిన మా తరం నర్సులకు సీనియర్ల నుంచి వచ్చిన మాట ఒకటుంది. చంటిపిల్లలకు నొప్పి అంతగా తెలియదు, తెలిసినా గుర్తుండదు అని. అది వాళ్లు పుట్టించిన మాట కాదు, చదువుకున్న డాక్టర్లూ అదే అనేవారు. నరాల మీది మైలిన్ పొర పసితనంలో పూర్తిగా ఏర్పడదు గనక నొప్పి మెదడు దాకా సరిగా చేరదనేవారు. మార్ఫిన్ ఇస్తే ఊపిరి ఆగిపోతుందన్న భయం దానికి తోడైంది. ఆ భయానికి కొంత ఆధారముంది. మైలిన్ వాదనకు మాత్రం లేదు. నొప్పిని మోసే సన్నటి నరాల్లో చాలావాటికి పెద్దయ్యాక కూడా ఆ పొర ఉండదు.

ఈ నమ్మకాన్ని లెక్కలతో నిలదీసిన వాళ్లలో ఒక నర్సు ఉండటం నాకు గర్వం. 1970లలో అమెరికాలో జో ఈలండ్, ఆపరేషన్ అయిన 4 నుంచి 8 ఏళ్ల పిల్లలు 25 మందికి ఏయే మందులు అందాయో చూశారు. 13 మందికి నొప్పి మందు ఒక్క డోసూ పడలేదు. మిగతా 12 మందికీ కలిపి 24 డోసులు. అలాంటి జబ్బులే ఉన్న పెద్దవాళ్లు 18 మందికి పడినవి 671.

అడిగితే చాలామంది పిల్లలు నొప్పి లేదనే అంటారు. అప్పట్లో నొప్పి మందంటే కండకు పొడిచే ఇంజెక్షన్. ఉందంటే సూది పడుతుందని నాలుగేళ్ల వాడికీ తెలుసు. మా వార్డులో గంజి మీదపడి కాలిన పిల్లలు డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వినగానే బిగుసుకుపోయేవారు. "మావాడు ఏడవడు సిస్టరమ్మా, బుద్ధిమంతుడు" అని తల్లి మురిసిపోయేది. నా మటుకు, అలా కదలకుండా పడుకున్న బిడ్డే అందరికన్నా ముందు చూడాల్సిన బిడ్డ.

రోగి నొప్పి ఉందంటే ఉన్నట్టే, ఎప్పుడంటే అప్పుడే అని 1968లో మార్గో మెకాఫరీ అనే నర్సు తేల్చి చెప్పారు. కానీ మాటలు కూడగట్టుకోలేని పిల్లలు చెప్పేదెలా? ఈలండ్ అలాంటి పిల్లలకు రంగు పెన్సిళ్లిచ్చారు. ఎక్కువ నొప్పికి ఏ రంగో, తక్కువకు ఏ రంగో వాళ్లనే ఎంచుకోమని, ఒంటి బొమ్మ మీద నొప్పి ఉన్నచోట ఆ రంగు వేయమనేవారు.

1981లో ఒక్లహోమా రాష్ట్రం టల్సాలోని హిల్‌క్రెస్ట్ ఆసుపత్రిలో, కాలిన గాయాల విభాగంలో, ఇద్దరు స్త్రీలు ఇదే చిక్కు ముందు కూర్చున్నారు. డోనా వాంగ్ నర్సు. కోనీ బేకర్ పిల్లలకు తోడుండి ఆటపాటలతో ధైర్యం చెప్పే ఉద్యోగి. అంకెలతో అడిగితే చిన్నపిల్లలు తికమకపడ్డారు. దాంతో ఖాళీ సున్నాలు గీసిచ్చి, నొప్పి అస్సలు లేనప్పటి నుంచి భరించలేనప్పటి దాకా మొహాలు మీరే వేయండన్నారు. ఆ పిల్లల గీతల్లోంచే 1983 నాటికి ఆరు మొహాల కార్డు వచ్చింది. ఇవాళ మన ఊళ్ల ఆసుపత్రి గోడల మీద కనిపించేదీ అదే. అయితే గోడకు అంటించి, బిడ్డ మొహాన్ని దానితో పోల్చి అంకె వేయడం ఆ కార్డు తీరుకే విరుద్ధం. దాన్ని చేసింది బిడ్డ వేలు పెట్టి చూపించడానికి. ఆఖరి బొమ్మను ఎంచుకోవడానికి కళ్లల్లో నీళ్లుండాల్సిన పని లేదు.

పసికందుల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నెలలు నిండక పుట్టిన శిశువులకు గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ చేసేటప్పుడు నైట్రస్ ఆక్సైడ్, కండరాలను కదలనివ్వని మందు మాత్రమే ఇవ్వడం అప్పట్లో మామూలు. వాటికి ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడా చేర్చిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువ పెరిగాయి, తర్వాతి చిక్కులూ తగ్గాయి. ఏడవడానికి వీల్లేని బిడ్డ నొప్పి రక్తపరీక్షలో బయటపడింది.

మాట రాని పిల్లల కోసం 1997లో మిషిగన్ నుంచి మరో పట్టిక వచ్చింది. మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. అందులో ఓదార్పు గడి నాకు చాలా ఇష్టం. దాన్ని నింపాలంటే బిడ్డను తాకాలి, ఎత్తుకోవాలి, తల్లి ఒళ్లో వేసి చూడాలి. కానీ మాటలొచ్చిన ఆరేళ్ల పిల్లకు కూడా మంచం చివర నిలబడి ఇదే నింపేయడం, నిద్రపోతోందని సున్నా వేయడం నాకు మింగుడు పడదు. నొప్పితో అలసిపోయిన పిల్లలూ నిద్రపోతారు. నిద్రలో ఉందని రాసి, లేచాక ఆరు మొహాల కార్డు ఆ పిల్ల చేతికివ్వాలి.